నాలుగో సీసాలో మట్టి

మేతలో మందు దొరకాలని యూలువాన్ మనసులో మొక్కుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె ఎన్నడూ అలాంటి మొక్కు మొక్కలేదు. పరీక్ష చేసే మనిషి ఫలితం ఇలా ఉంటే బాగుండునని కోరుకోకూడదని, కొత్తగా చేరినవాళ్లను కూర్చోబెట్టి మరీ చెప్పేది ఆమే. అయినా ఆ ఉదయం మిషన్ ముందు కూర్చుని, తెర మీద గీత ఎక్కడైనా ఒక్కచోట పైకి లేస్తుందేమోనని కళ్లప్పగించి చూసింది. లేవలేదు. చిన్‌థూ ఇంట్లో సంచులు విప్పి తెచ్చిన మేతా, కంపెనీ గోడౌన్‌లోంచి తెచ్చిన మేతా, రెండూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"ఏమ్మా, మొహం అలా వేలాడేశావ్? మేత బాగుంటే మంచిదే కదా," అన్నాడు విభాగం పెద్ద తూ, టీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వెనకనుంచి వచ్చి.

"మేతకి మంచిదేనండీ. చెరువాయనకే కాదు."

"చెరువాయన నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. వాళ్లమ్మ చేతి అన్నం తిని పెరిగాను."

"అయితే ఈ కేసు ఇంకొకరికి ఇవ్వాలి. ఇద్దామంటే ఎవరున్నారు చెప్పు? ఈ జిల్లాలో ఎవణ్ణి పంపినా ఎవడికో ఒకడికి బావమరిదే." తూ మిషన్ మీదున్న ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని తీసి, గడువు తేదీ చూసి, మళ్లీ అక్కడే జాగ్రత్తగా నిలబెట్టాడు. ఆ పొట్లం అక్కడుంటే మిషన్ మొరాయించదని తైవాన్‌లో ప్రతి ల్యాబులోనూ నమ్ముతారు. ఆకుపచ్చదే ఉండాలి, పసుపుది పెడితే మిషన్ అలుగుతుంది. తూకి డాక్టరేటు ఉంది. ఆ పొట్లం దగ్గర మాత్రం అది పనిచేయదు.

జరిగింది ఇదీ. సముద్రానికి దగ్గరగా సీవెయ్ అనే ఊళ్లో చిన్‌థూకి ఒక రొయ్యల చెరువుంది. నీలకంఠ రొయ్యలు పెంచుతాడు. పట్టుబడికి ముందు ఎప్పటిలాగే నాలుగు రొయ్యలు పట్టి ల్యాబుకు పంపితే వాటి మాంసంలో నిషేధించిన మందు బయటపడింది. ఒకప్పుడు ఈ తీరంలో గట్టు గట్టుకీ దాని డబ్బాలుండేవి. పసుపు రంగు పొడి, కారుచౌక. రొయ్య ఒళ్లు తెల్లబడినా, తోక కుళ్లినా, మేత ముట్టకుండా మొండికేసినా అదే వేసేవారు. తిన్నవాళ్లకి క్యాన్సర్ తెచ్చిపెడుతుందని తేలాక దాన్ని పూర్తిగా నిషేధించారు. ఇంత వరకు ఉండొచ్చు అనే లెక్క కూడా లేదు, ఉందంటే ఉన్నట్టే. చెరువుకి వెంటనే తాళం పడుతుంది. ఆ మందు ఎక్కడినుంచి వచ్చిందో యజమానే చూపించుకోవాలి. మేతలోంచి వచ్చిందని తేలితే తప్పు కంపెనీది, అతను బయటపడతాడు. తేలకపోతే చెరువులో సున్నం పోసి ఉన్న ప్రాణాన్నంతా చంపేస్తారు, సంఘంలోంచి పేరు కొట్టేస్తారు.

సంఘంలోంచి పేరు కొట్టేయడమంటే చిన్‌థూకి తల కొట్టేయడమే. మందు ముట్టని చెరువుల సంఘమని ఒకటి పెట్టించినవాడే అతను. మూడేళ్ల కింద థియెన్‌లాయ్ అనే పక్క చెరువాయన దొంగచాటుగా మందు వేసి దొరికినప్పుడు, సభలో టీ కప్పు విసిరికొట్టి, ముందు వాడి పేరు కొట్టేయండని అరిచిందీ అతనే. అంత అరిచినవాడి చెరువులోనే ఇప్పుడు మందు దొరికింది.

మేతలో లేదని తేలాక మిగిలింది చెరువు అడుగు మట్టి. దాన్ని తేవడానికి యూలువాన్ మర్నాడే సీవెయ్ వెళ్లింది.

సీవెయ్‌లో నేల ఏటా కాస్త కుంగుతుంది. చెరువులన్నీ బోర్లు వేసి నేలలో నీళ్లు తోడేస్తుంటే కుంగకేం చేస్తుంది? పాత ఇళ్ల కిటికీలు ఇప్పుడు మోకాళ్ల ఎత్తుకి దిగిపోయాయి. సందులో నడుస్తుంటే వంగి చూడాలి, లోపల ఎవరో భోంచేస్తూ కనిపిస్తారు. వాన పడుతూనే ఉంది. చిన్‌థూ గట్టు మీద గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి, నోట్లో వక్క మాత్రం ఆడుతూనే ఉంది.

"ఇన్నాళ్లకి మా గట్టు గుర్తొచ్చిందా అక్కా? అదీ మట్టి ఎత్తుకెళ్లడానికి," అన్నాడు.

"నోరు మూసుకుని పడవ లాగు."

"మేతలో లేదంటగా?"

"లేదు."

అతను వక్క ఉమ్మేశాడు. "అక్కా, నేను వేయలేదు. మా నాన్న మీద ఒట్టు. వానలు మొదలైనప్పుడు రొయ్యలన్నీ తెల్లబడి గట్టుకి కొట్టుకొచ్చాయి. అప్పుడు కూడా వేయలేదు. నీళ్లు మార్చాను, మేత ఆపాను, నిద్ర మానేశాను. మొత్తం పోయినా సరే అనుకున్నాను. వాటంతటవే కోలుకున్నాయి. సభలో నిలబడి చెప్పుకున్నాను కూడా, చూడండ్రా మందు లేకుండా ఎలా బతికించానో అని."

"సరే. చూద్దాం."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. నమ్మింది.

పద్ధతి ప్రకారం ఐదు చోట్ల మట్టి తీసి, అంతా ఒకే బకెట్లో కలిపి, అందులోంచి ఒక సీసాడు తీసుకెళితే చాలు. యూలువాన్ కలపలేదు. నీళ్లు వచ్చే తూము దగ్గర ఒకటి, పోయే తూము దగ్గర ఒకటి, నడిమధ్య ఒకటి, గట్టు మీద నేలదేవుడి చిన్న గుడి ఉన్న మూలలో ఒకటి, మేత తట్ట కింద ఒకటి. వెలుతురు తగలకుండా గోధుమరంగు గాజు సీసాల్లో విడివిడిగా నింపి, వరసగా అంకెలు వేసింది. ఎందుకలా చేసిందంటే, మందు ఎక్కడో పక్క చెరువులోంచి తూము గుండా వచ్చిందని తేలుతుందేమోనని ఆశ. థియెన్‌లాయ్ చెరువు ఆ పక్కనే ఉంది మరి.

పని అయ్యేసరికి చిన్‌థూ తల్లి గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరు బోంగ్‌ఛీ. 'పోన్లే, పెంచుదాం' అని దానర్థం. కొడుకు కోసం చూస్తుంటే మళ్లీ ఆడపిల్లే పుట్టినప్పుడు ఆ రోజుల్లో పెట్టే పేరది. ఆ పేరు మోసుకుంటూనే ఎనభై దాటింది. యూలువాన్ వాళ్లమ్మ డబ్బా చేపల ఫ్యాక్టరీకి పోయే రోజుల్లో, ఈ గుమ్మంలోనే కూర్చోబెట్టి ఈమే అన్నం పెట్టేది.

"తడిసి ముద్దయ్యావు కదే! తల తుడుచుకో. తిన్నావా?"

"తిన్నాను పెద్దమ్మా."

"అబద్ధం. ప్రభుత్వం వాళ్లు ఎప్పుడు తిన్నారు గనక? కూర్చో, చిలగడదుంప గంజి ఉంది." గిన్నె చేతిలో పెట్టి పక్కనే చతికిలబడింది. "మావాడు వేయలేదమ్మా. మొండి వెధవ. చచ్చినా వేయడు. నువ్వు మిషన్‌లో చూస్తే నీకే తెలుస్తుంది."

యూలువాన్ గంజి తాగింది. ఉప్పుచేప ముక్క గిన్నె అంచున వదిలేసింది.

ఆ మట్టిని ఆరబెట్టి, రసాయనాలు కలిపి, వెచ్చటి నీళ్ల తొట్టెలో తెల్లవార్లూ ఉంచి, మర్నాడు వడగట్టి మిషన్‌కి ఎక్కించారు. ల్యాబులో దీపాలు సగం ఆర్పుకునే చేయాలి, వెలుతురు తగిలితే ఈ మందు చెదిరిపోతుంది. మొదటి సీసా, రెండో సీసా, మూడో సీసా: ఉందా లేదా అన్నట్టు ఓ చిన్న బుడిపె. మేత తట్ట కింద తీసిన ఐదో సీసాలోనూ అంతే. నాలుగో సీసాకి మాత్రం గీత ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచి తెర పైఅంచుకి తగిలింది.

యూలువాన్ రెండోసారి ఎక్కించింది. మళ్లీ అంతే.

చెరువుకి మందు వేసేవాడెవడూ ఒక మూలన పోయడు. మేతలో కలిపి చల్లుతాడు, అప్పుడు తట్ట కింద మట్టిలో దొరకాలి. తూములోంచి వస్తే తూము దగ్గర దొరకాలి. ఇది నేలదేవుడి గుడి ముందు నిలబడి చేయి చాపితే ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ పడింది. ఆ గుడి ముందు నిలబడే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. చిన్‌థూ దేవుడికి దండం పెట్టగా ఊళ్లో ఎవరూ చూడలేదు.

"ఐదూ కలిపేసి ఉంటే ఈ గోలంతా ఉండేది కాదు కదమ్మా," అన్నాడు తూ తెర వైపు చూసి. తిట్టినట్టు కాదు, జాలిపడ్డట్టే అన్నాడు.

నిజమే. కలిపేసి ఉంటే మట్టిలో మందు ఉందని మాత్రమే తేలేది, ఎవరి చేయో తెలిసేది కాదు. తన జాగ్రత్త మీద యూలువాన్‌కి మొదటిసారి కోపం వచ్చింది.

చిన్‌థూ మండలాఫీసుకి పోయిన పూట చూసుకుని ఆమె మళ్లీ సీవెయ్ వెళ్లింది. బోంగ్‌ఛీ వసారాలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"పెద్దమ్మా, గట్టు మీద గుడి దగ్గర చెరువులో ఏమైనా వేస్తుంటావా?"

ముసలామె చుట్టూ చూసింది. తర్వాత, దాచుకున్న మిఠాయి సంగతి చెప్పే పిల్లలా ముసిముసిగా నవ్వింది. "వాడికి చెప్పకూడదు మరి."

"చెప్పను."

"దేవుడి బూడిదమ్మా! రొయ్యలు తెల్లబడి చస్తున్నాయి, వాడేమో తిండీ నిద్రా మానేసి గట్టు మీద దెయ్యంలా తిరుగుతున్నాడు. మందు వేయరా అంటే వేయనంటాడు. ఏం చేయను? కొండవార గుడిలో పూనకం వచ్చే ఆయన ఉన్నాడు కదా, ఆయన దగ్గరికెళ్లాను. చెరువుకి కీడు తగిలింది, అగరొత్తుల బూడిద ఇస్తాను, అన్నంలో పిసికి ముద్దలు చేసి నేలదేవుడి ముందు నీళ్లలో వదులు అన్నాడు. నేనేం వెర్రిదాన్నా, ఊరికే నమ్మలేదు. చంద్రవంక చెక్కలు వేసి అడిగాను. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ ఔననే పడ్డాయి!" ఆమె కళ్లు మెరిశాయి. "వారం తిరక్కుండా రొయ్యలు ఎలా లేచాయో చూడాల్సింది. వాడేమో తన గొప్పే అనుకుంటున్నాడు. అనుకోనీ. బిడ్డ గొప్ప అనుకుంటే తల్లికి పోయేదేముంది?"

"బూడిద ఇంకా ఉందా?"

"ఉంది. అప్పుడప్పుడూ ఓ ముద్ద వేస్తూనే ఉన్నా, మంచిదని. మోకాళ్ల నొప్పికి నేనూ నీళ్లలో కలుపుకుని తాగుతా."

"తాగకు పెద్దమ్మా. ఇక తాగకు."

"ఏంటే, చదువుకున్నదానివి దేవుడంటే ఎగతాళా? మీ మిషన్ నెత్తిన ఆకుపచ్చ పొట్లం పెడతారంటగా? టీవీలో చూశాలే."

యూలువాన్ ఆ బూడిద చూపించమంది. పసుపుపచ్చ కాగితంలో మడిచిన పొట్లాలన్నీ, నాకూ మోకాళ్ల నొప్పి అని అబద్ధమాడి ఊడ్చి తెచ్చేసుకుంది. బస్టాపులో ఒకటి విప్పి చూసింది. బూడిదరంగు పొడి మధ్యలో, సరిగ్గా కలవని చోట, పసుపు.

ల్యాబులో ఆ బూడిదని మిగతా నమూనాల చివర ఎక్కించింది. గీత తెరలో పట్టలేదు. మిషన్‌ని కడగడానికే ఒక పూట పట్టింది.

"ఇదేంటి? దీనికి నంబరేదీ?" అడిగాడు తూ.

"నంబరు లేదు."

"నంబరు లేనిది ఈ భూమ్మీద లేదు. ఇంటివాళ్ల సంతకం తీసుకో, సీలు వేసి తీసుకురా, అప్పుడు రిపోర్టులో రాద్దాం. లేకపోతే ఇది నేను చూడలేదు, నువ్వూ చూడలేదు." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "రాస్తే ముసలామెను పిలిచి అడుగుతారు. అది కూడా ఆలోచించుకో."

ఆలోచించుకుంది. రాసినా చెరువు దక్కదు, మందు ఎవరు వేసినా సున్నం పడాల్సిందే. కానీ చిన్‌థూ మాట దక్కుతుంది. తెలిసి చేయలేదని సంఘానికి తెలుస్తుంది, పేరు ఉంటుంది. అతని దగ్గరికే వెళ్లి, మోటారు షెడ్డులో కూర్చోబెట్టి మొత్తం చెప్పింది.

చిన్‌థూ చివరిదాకా విన్నాడు. తర్వాత నవ్వాడు. వినడానికి బాగోలేదు ఆ నవ్వు.

"వాటంతటవే కోలుకున్నాయని సభలో చెప్పాను కదక్కా. ఎంత చప్పట్లు కొట్టారో."

"సంతకం పెట్టు. బూడిద సంగతి రాస్తాను. నీ పేరు నిలబడుతుంది."

"నా పేరు నిలబడితే, ముసలిది కొడుకు చెరువు ముంచేసిందని ఊరంతా అంటుంది. అంతేగా?"

"తెలియక చేసింది. ఎవరూ ఏమీ అనరు."

"వాళ్లు అనకపోతే ఆమే అనుకుంటుంది. ఎనభై ఏళ్లు 'పోన్లే' అని పిలిపించుకుందక్కా. ఎందుకూ పనికిరాదని ఆమెకి చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు నేను కూడా చెప్పనా?" చేతులు మోకాళ్లకి రుద్దుకున్నాడు. "నేనే వేశానని రాసుకో."

"నేను అబద్ధం రాయను."

"నువ్వు రాయక్కర్లేదు. నేనే ఒప్పుకుంటా. మట్టిలో మందు ఉంది, నేను వేశానంటున్నా, నీ మిషన్ కాదనదు కదా?"

కాదనదు. నాలుగో సీసాలో మందు ఉందని తప్ప అది ఎవరి చేతినుంచి పడిందో మిషన్ చెప్పదు. యూలువాన్‌కి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండూ మింగింది.

"ఆ గుడి సంగతి మాత్రం నేను ఊరుకోను. పిల్లలకి జ్వరమొస్తే ఆ బూడిదే నీళ్లలో కలిపి తాగిస్తున్నారు. ఆరోగ్యశాఖకి చెబుతాను."

"చెప్పు. మా ఇంటి పేరు మాత్రం ఎత్తకు."

సున్నం పోసే రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. సానుభూతి కోసం వచ్చినవాళ్లు కొందరు, చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది. లారీలోంచి బస్తాలు దింపుతుంటే థియెన్‌లాయ్ చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. మూడేళ్లుగా ఎదురుచూసిన రోజు మరి, వాన పడుతున్నా గొడుగు వాలుగా పెట్టుకుని ముస్తాబుగా వచ్చాడు.

"ఇదిగోనండీ, మందు ముట్టని మహానుభావుడు!" అన్నాడు గట్టిగా. "కప్పు తేనా చిన్‌థూ, విసురుతావా?"

జనం నవ్వారు. అప్పుడు బోంగ్‌ఛీ గుంపును తోసుకుని ముందుకొచ్చింది.

"నోర్ముయ్యరా దొంగ వెధవా! నీలాంటివాడనుకున్నావా? నా కొడుకు వేయలేదు. మేతోళ్లు మోసం చేశారు, ఆఫీసోళ్లు తప్పు రాశారు. నా బిడ్డ ఒట్టేశాడు వాళ్ల నాన్న మీద!" కొడుకు చొక్కా పట్టుకుని లాగింది. "చెప్పరా. అందరూ వింటున్నారు. వేయలేదని చెప్పు."

చిన్‌థూ సున్నం బస్తా వైపు చూస్తూ అన్నాడు: "వేశానమ్మా."

"ఏంటీ?"

"వేశాను. రొయ్యలు చచ్చిపోతున్నాయని భయమేసి వేశాను."

యూలువాన్ రెండడుగులు ముందుకు వేసింది. చిన్‌థూ ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆమె ఆగిపోయింది. ఆగిపోయినందుకు తర్వాత తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ముసలామె చొక్కా వదిలేసింది. "మీ నాన్న మీద ఒట్టేసి... నా కళ్లలోకి చూసి..." అని, ఒంట్లో ఉన్న ఊపిరంతా కూడదీసుకుని కొడుకు మొహం మీద ఉమ్మేసింది.

చిన్‌థూ తుడుచుకోలేదు. వాన ఎలాగూ పడుతోంది. సున్నం నీళ్లలో పడి పొగలు కక్కింది. కాసేపటికి రొయ్యలు ఎర్రబడి, నీలి గోళ్లు పైకెత్తి, గట్టు పొడుగునా తేలాయి. గుడి మూలనే ఎక్కువ తేలాయి, అక్కడికి రావడం అలవాటు కదా వాటికి. ఆ సంగతి ఇంకెవరూ గమనించలేదు.

ఆ రోజునుంచి బోంగ్‌ఛీ కొడుకు వండింది ముట్టలేదు, కొడుకుతో మాట్లాడలేదు. దేవుడు బతికించిన రొయ్యల మీద వాడు విషం చల్లాడని ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. చిన్‌థూ కొన్నాళ్లు ఓర్చుకుని, తుంగ్‌కాంగ్ చేపల రేవులో మంచుగడ్డలు మోసే పనికి వెళ్లిపోయాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడట. ఆమె తలుపు తీసేది కాదట. కొన్న పళ్లు గుమ్మంలో పెట్టి పోయేవాడట. ఇదంతా యూలువాన్‌కి ఊళ్లోవాళ్లు చెప్పారు. వెళ్లి చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

గుడి మీద ఆరోగ్యశాఖ దాడి చేసేసరికి వానాకాలం వెళ్లిపోయింది. టీవీలో పసుపు పొడి డబ్బాలు వరసగా పేర్చి చూపించారు. పూనకం ఆయన మొహానికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. ఆ మర్నాడు పొద్దున్నే ల్యాబు గేటు దగ్గర కాపలావాడు యూలువాన్‌ని పిలిచాడు, ఎవరో ముసలామె వచ్చింది, లోపలికి రమ్మంటే రానంటోంది అని.

బోంగ్‌ఛీ గేటు పక్కన అరుగు మీద కూర్చుని ఉంది. రెండు బస్సులు మారి వచ్చింది. ఇన్ని నెలల్లో సగం అయిపోయింది మనిషి.

"తిన్నావా పెద్దమ్మా?"

ఆమె ఆ మాటకి జవాబివ్వలేదు. "టీవీలో గుడి చూపించారు. చూశావా?"

"చూశాను."

"బూడిదలో మందు కలిపాడంట."

"అవును."

"ఏ మందు?"

యూలువాన్ పక్కనే కూర్చుంది. అబద్ధం నాలుక చివరన సిద్ధంగానే ఉంది. వేరే మందు, మోకాళ్ల నొప్పుల మందు అంటే చాలు. ఎన్నో వేల నమూనాలకి ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి, ఒక్కదానికి లేదని చెబితే పోయేదేముంది? కానీ ముసలామె ఆమె మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు తిన్నాను అని చెబితే కడుపు తడిమి మరీ చూసిన మనిషి.

"అదే మందు పెద్దమ్మా. మీ చెరువులో దొరికిందే."

బోంగ్‌ఛీ తల ఊపింది. నేల వైపు చూస్తూ చాలాసేపు అలా ఊపుతూనే ఉంది. 

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"సున్నం పోసిన రోజుకే తెలుసా?"

"తెలుసు."

"మరి నేను వాడి మొహం మీద ఉమ్మేశాను కదే," అంది. గొంతు పెరగలేదు. చీటీ లెక్కలో తప్పు చూసుకున్న మనిషిలా నెమ్మదిగా అంది. "తుడుచుకోలేదు వాడు. నేను చూశాను. సిగ్గు లేనివాడు, అందుకే తుడుచుకోలేదనుకున్నాను."

యూలువాన్ ఆమె చేయి పట్టుకుంది. కట్టెపుల్లలా ఉందా చేయి.

"వాడికి ఫోన్ కలుపు. వాడి నంబరు గోడ మీద రాసి పోతే, నేనే చెరిపేశాను."

యూలువాన్ నంబరు నొక్కి, మోగడం మొదలవగానే ఫోన్ ఆమె చేతికిచ్చింది. ముసలామె రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. అవతల రేవు రొద, మంచు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు, వాటి మీదుగా చిన్‌థూ గొంతు యూలువాన్‌కి కూడా వినిపించింది.

"అక్కా! నీకే చేద్దామనుకుంటున్నా. టీవీలో ఆ గుడి సంగతి వచ్చింది, చూశావా? అమ్మ తప్పకుండా నిన్నే అడుగుతుంది. వేరే మందని చెప్పు. ఏదో ఒక పేరు చెప్పెయ్, ఆమెకేం తెలుస్తుంది. మా అమ్మకి మాత్రం తెలియనివ్వకు అక్కా. నీకు దండం పెడతా. వింటున్నావా? అక్కా?"

బోంగ్‌ఛీ ఫోన్‌ని చెవికి ఇంకాస్త అదుముకుంది. అవతల చిన్‌థూ అక్కా అక్కా అని పిలుస్తూనే ఉన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"తిన్నావురా?" అంది.

అవతల మంచు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.